సున్నకు ఎడమ పక్క

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని వార్డెన్ సార్ కబురు పెట్టినప్పుడు మేము నలుగురం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. మన హాస్టల్లో కవులకు ఎప్పుడూ కొదవ లేదు. అమ్మ మీద, గురువు మీద, స్నేహం మీద ప్రతి సంచికలో పదేసి కవితలు ఉంటాయి, ఉండాలి కూడా. మాకు అవి రావు. మాకు వచ్చింది లెక్కలు. అందుకని లెక్కల గురించే, అందులోనూ ఒకే ఒక్క పాఠం గురించి రాస్తున్నాం. పేజీ తిప్పేయకండి తమ్ముళ్ళూ, చివర పరీక్ష పెట్టం.

మేము అంటే ఇదే హాస్టల్లో పదో తరగతి దాకా ఉండి, ఇంటర్, డిగ్రీ దాటి, ఇప్పుడు యూనివర్సిటీలో పీజీ చదువుతున్న నలుగురం. సెలవులకు వచ్చినప్పుడల్లా సాయంత్రం స్టడీ అవర్లో కూర్చుని ఆరు, ఏడు తరగతుల పిల్లలకు లెక్కలు చెప్పడం నాలుగేళ్ళుగా అలవాటైంది. ఈ నాలుగేళ్ళలో మేము గమనించింది ఒకటుంది. కూడికలు, తీసివేతలు, ఎక్కాలు, భాగహారాలు, వీటిలో మన పిల్లలు ఎవరికీ తీసిపోరు. ఆదివారం సంతలో అమ్మ పక్కన కూర్చుని కూరగాయలు అమ్మిన పిల్లవాడు నోటి లెక్కలో మమ్మల్నే ఓడిస్తాడు. అదే పిల్లవాడు పూర్ణ సంఖ్యల పాఠం దగ్గరికి వచ్చేసరికి నోరు మూసుకుంటాడు. తర్వాత వచ్చే బీజగణితం, సమీకరణాలు, గ్రాఫులు అన్నీ ఆ పాఠం మీదే నిలబడతాయి. ప్రీఫైనల్‌లో లెక్కలు పోయినవాళ్ళ జవాబు పత్రాలు తీరిగ్గా చూస్తే చాలామందికి మార్కులు పోయింది వర్గ సమీకరణం రాక కాదు. దాని నడుమ ఎక్కడో ఒక మైనస్ గుర్తు దగ్గర కాలు జారి ఉంటుంది.

మైనస్ మూడుకు అయిదు కలిపితే ఎంత అని ఆరో తరగతిలో అడిగి చూడండి. ఎనిమిది అంటారు, మైనస్ ఎనిమిది అంటారు, రెండు అంటారు, మైనస్ రెండు అంటారు. నాలుగు జవాబులూ వస్తాయి. ఓటింగు పెడితే మైనస్ ఎనిమిది మంచి మెజారిటీతో గెలుస్తుంది. దీనికి మందుగా చాలా బడుల్లో ఒక సూత్రం బట్టీ పట్టిస్తారు. గుర్తులు ఒకటే అయితే కూడు, వేరైతే తీసెయ్, పెద్దదాని గుర్తు పెట్టు. సూత్రం తప్పు కాదు. కానీ దాని ఆయుష్షు నెల రోజులే. గుణకారం రాగానే రెండు మైనస్‌లు కలిస్తే ప్లస్ అనే ఇంకో సూత్రం వస్తుంది, అది పాతదాని మీద ఎక్కి కూర్చుంటుంది. అప్పటిదాకా (-3) + (-5) కు -8 అని సరిగ్గా చెప్పిన పిల్లవాడే మర్నాటి నుంచి +8 అంటాడు. ఎందుకురా అంటే 'రెండు మైనస్‌లన్నా' అంటాడు. వాడి తప్పేముంది? అర్థం లేకుండా ఇచ్చిన రెండు తాళంచెవులలో చేతికి దొరికినది వాడుతున్నాడు.

పుస్తకాలలో ఈ పాఠానికి ఇచ్చే ఉదాహరణలు థర్మామీటరు, సముద్ర మట్టం. మంచివే. అయితే మన పిల్లలు ఐసు బండి మీద తప్ప మంచు చూడలేదు, సినిమాలో తప్ప సముద్రం చూడలేదు. వాళ్ళు చూసింది అప్పు. మేము కొత్తగా కనిపెట్టింది కాదిది, ఆ మాటలోనే ఉంది. ధన సంఖ్య, రుణ సంఖ్య అని మనం ఇప్పటికీ అంటున్నాం కదా, ధనం అంటే సొమ్ము, రుణం అంటే బాకీ. క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు తన బ్రాహ్మస్ఫుట సిద్ధాంతంలో ఈ రెండు మాటలతోనే నియమాలు రాశాడు. రెండు ధనాలు కలిస్తే ధనం, రెండు రుణాలు కలిస్తే రుణం, ధనమూ రుణమూ కలిస్తే వాటి తేడా, రెండూ సమానమైతే శూన్యం. పిల్లలకు ఇది చెప్పినప్పుడు ఒకడు, 'ఆయన కిరాణా దుకాణం నడిపిండా అన్నా?' అని అడిగాడు. ఆ ప్రశ్నకు మేము వాడికి చాక్‌పీసు బహుమతి ఇచ్చాం.

మాటలతో చెప్పి ఊరుకుంటే చాలదు, కాళ్ళతో చెప్పాలి. మన పాత వరండా చూసిన పూర్వ విద్యార్థులకు గుర్తుండే ఉంటుంది, కింద షాబాద్ బండలు పరిచి ఉంటాయి. ఒక్కోటి రెండడుగులు, అన్నీ ఒకే కొలత. బండకూ బండకూ నడుమ సిమెంటు గీత. సంఖ్యారేఖకు కావలసింది సమాన దూరాల్లో గీతలే కాబట్టి మనకు రేఖ గీసే పని కూడా లేదు, కట్టినప్పుడే మేస్త్రీ గీసి పెట్టాడు. మెస్ తలుపుకు ఎదురుగా ఉన్న గీతకు సున్న అని పేరు పెట్టాం. అక్కడి నుంచి వంటగది వైపు 1, 2, 3 అని పది దాకా. స్నానాల గదుల వైపు -1, -2, -3 అని పది దాకా. మొదట్లో చాక్‌పీసుతో రాసేవాళ్ళం, పొద్దున ఊడ్చేసరికి పోయేది. తర్వాత చందాలు వేసుకుని ఒక చిన్న తెల్ల పెయింటు డబ్బా తెచ్చాం.

నడక నియమాలు మూడే. సున్న గీత మీద నిలబడు. మొహం ఎప్పుడూ వంటగది వైపే ఉండాలి. ధన సంఖ్య కలపమంటే ముందుకు నడువు, రుణ సంఖ్య కలపమంటే మొహం తిప్పకుండా వెనక్కి నడువు. 3 + (-5) అంటే మూడు బండలు ముందుకు, అక్కడి నుంచి అయిదు బండలు వెనక్కి. ఎక్కడ ఆగావో కింద చూడు. -2 అని రాసి ఉంటుంది. (-4) + 6 అంటే నాలుగు వెనక్కి, ఆరు ముందుకు, కింద చూస్తే 2. (-2) + (-3) అంటే రెండు వెనక్కి, మళ్ళీ మూడు వెనక్కి, -5. ఇక్కడ రెండు మైనస్‌లు కలిసి ప్లస్ ఎట్లా అవుతుందో నడిచి చూపించరా అంటే ఏ పిల్లవాడూ చూపించలేడు. వెనక్కి పోయి మళ్ళీ వెనక్కి పోతే వంటగది రాదు అన్న సంగతి కాళ్ళకు తెలిసిపోతుంది.

చెప్పడానికి సులువుగా ఉన్నా చేయించేటప్పుడు రెండు చిక్కులు వస్తాయి. లెక్కలు చెప్పబోయే తమ్ముళ్ళ కోసం వాటిని కొంచెం విడమరిచి రాస్తాం. మొదటిది, పిల్లలు తాము నిలబడ్డ గీతనే ఒకటి అని లెక్కపెడతారు. మూడు మీద నిలబడి అయిదు వెనక్కి రమ్మంటే మూడు దగ్గరే 'ఒకటి' అంటారు, -1 దగ్గర ఆగిపోతారు. జవాబు ఒక్క గీత తేడాతో తప్పుతుంది, ఎందుకు తప్పిందో తెలియదు. లెక్కపెట్టాల్సింది గీతలు కాదు, దాటిన బండలు. కాలు లేచి పడితేనే ఒకటి. ఇది పట్టుబడడానికి కొందరికి వారం పడుతుంది, కోప్పడకూడదు. సెకండ్ ఇంటర్ వాళ్ళు కూడా ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీకి ఎన్ని రోజులు అంటే ఇక్కడే తడబడతారు.

రెండో చిక్కు అంతకంటే లోతైంది. 3 + (-5) లో మూడూ, మైనస్ అయిదూ రెండూ ఒకే రకం వస్తువులు అనుకుంటారు పిల్లలు. నడకలో వాటి పని వేరు. మొదటిది మనం చేరిన చోటు, రెండోది అక్కడి నుంచి వేసే నడక. మరి వరస మార్చి (-5) + 3 అంటే? చోటు వేరు, నడక వేరు, కానీ ఆఖరికి ఆగేది మళ్ళీ -2 దగ్గరే. ఇద్దరు పిల్లల్ని ఒకేసారి రెండు రకాలుగా నడిపిస్తే ఒకరు వంటగది దాకా పోయి వస్తారు, ఇంకొకరు స్నానాల గదుల దాకా పోయి వస్తారు, ఇద్దరూ ఒకే గీత మీద ఢీకొంటారు. పుస్తకంలో దీన్ని స్థిత్యంతర ధర్మం అంటారు. ఆ పేరు నోరు తిరగదు కానీ ఢీకొన్నది మాత్రం మరచిపోరు. అట్లాగే 5 + (-5). ఎంత దూరం పోయావో అంతే వెనక్కి వచ్చావు, సున్న. సంకలన విలోమం అంటే ఇంతే.

తీసివేత వచ్చినప్పుడు ఒక్క నియమం కలుపుతాం. తీసివేత గుర్తు కనబడితే ఉన్నచోటే వెనక్కి తిరుగు, అంటే మొహం స్నానాల గదుల వైపు. తర్వాత మామూలే, ధన సంఖ్యకు ముందుకు, రుణ సంఖ్యకు వెనక్కి. 3 - (-2) చేద్దాం. మూడు మీద నిలబడి వెనక్కి తిరిగాం. మైనస్ రెండు కనుక వెనక్కి రెండు బండలు. మొహం అటు, నడక ఇటు, వచ్చి అయిదు మీద ఆగాం. బాకీని తీసేస్తే సొమ్ము పెరిగినట్టే అన్న సంగతి ఇది. మైనస్ గుర్తు ఒక్కటే అయినా దాని ఉద్యోగాలు రెండు, ఒకచోట తిరగమంటుంది, ఒకచోట వెనక్కి నడవమంటుంది. దీన్ని మేము బ్లాక్‌బోర్డు మీద అరగంట చెప్పినా ఎక్కలేదు. వరండాలో రెండు నిమిషాలు పట్టింది.

ఇదేదో పిల్లల ఆట అనుకునేవాళ్ళకు ఒక మాట. 1685లో ఇంగ్లాండులో జాన్ వాలిస్ అనే గణిత శాస్త్రవేత్త తన బీజగణిత గ్రంథంలో రుణ సంఖ్యలను వివరించడానికి చేసింది అచ్చంగా ఇదే. ఒక మనిషి అయిదు గజాలు ముందుకు నడిచి ఎనిమిది గజాలు వెనక్కి వస్తే బయలుదేరిన చోటికి మూడు గజాలు వెనక ఉంటాడు, అదే మైనస్ మూడు అన్నాడు. ఆ తర్వాత కూడా, 1758లో, ఫ్రాన్సిస్ మాసెరెస్ అనే పండితుడు ఈ మైనస్ సంఖ్యల్ని ఒప్పుకోలేనని ఏకంగా పుస్తకమే అచ్చు వేశాడు. అంతటి చదువరులకే మింగుడు పడని దాన్ని ఆరో తరగతి పిల్లవాడు ఒక్క పీరియడ్‌లో మింగలేదని మందబుద్ధి అనడం న్యాయం కాదు. చైనాలో పాతకాలంలో లెక్కలకు పుల్లలు వాడేవారు, ధనానికి ఎర్ర పుల్లలు, రుణానికి నల్ల పుల్లలు. ఇది వినగానే మన పిల్లలు నవ్వారు. మన ప్రోగ్రెస్ కార్డులో ఎర్ర సిరా దేనికో వాళ్ళకు బాగా తెలుసు.

పోటీ పరీక్షలకు తయారయ్యే పెద్ద తమ్ముళ్ళకు కూడా ఒక చిట్కా. క్రీస్తు పూర్వం, క్రీస్తు శకం అనే కాలరేఖలో సున్న లేదు. క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1 వస్తుంది. కాబట్టి క్రీ.పూ. 5 నుంచి క్రీ.శ. 5కి పదేళ్ళు కాదు, తొమ్మిదేళ్ళే. మన వరండాలో సున్న గీతను ఎవరో తవ్వి తీసేస్తే ఏమవుతుందో అదే ఇక్కడ అయింది.

ఇక పెద్దది ఏది, చిన్నది ఏది అన్న గొడవ. -7, -2 లలో ఏది పెద్దది అంటే క్లాసంతా -7 అంటుంది. రేఖ మీద ఎడమకు పోయే కొద్దీ చిన్నవి అని చూపించాం. ఐపీఎల్ పట్టికలో -0.2 నెట్ రన్‌రేట్ అంటే -0.7 కంటే మెరుగే కదా అన్నాం. అందరూ ఒప్పుకున్నారు, ఏడో తరగతి తమ్ముడు ఒకడు ఒప్పుకోలేదు. 'అప్పు ఏడు వేలంటే రెండు వేల కంటే పెద్దదే గదన్నా' అన్నాడు. వాడు అన్నదీ నిజమే. అప్పు ఎంత అని అడిగితే ఏడే పెద్దది, దానికి పరమ మూల్యం అని పేరు, సున్న నుంచి ఎంత దూరంలో ఉన్నామన్నదే చూస్తుంది, ఏ దిక్కున ఉన్నామో చూడదు. మనిషి ఎక్కడ ఉన్నాడు అని అడిగితే ఏడు వేల అప్పున్నవాడు కిందున్నాడు. ఆ రెండు ప్రశ్నలూ వేరని చెప్పాక కూడా వాడు చాలాసేపు ఆ -7 మీదే నిలబడ్డాడు. ఎందుకో మాకు తర్వాత తెలిసింది.

దసరా సెలవుల నుంచి వాడు ఒక్కడే తిరిగి వచ్చాడు. వచ్చే ఆదివారం నాయన వచ్చి తీసుకుపోతాడట, చెరుకు నరకడానికి. వాళ్ళ ఊళ్ళో చాలా ఇళ్ళు కార్తీకంలో తాళం పడతాయి, మళ్ళీ ఉగాదికి తెరుచుకుంటాయి. జంటకింత అని గుంపు మేస్త్రీ దగ్గర ముందే అడ్వాన్సు తీసుకుంటారు, సీజనంతా నరికి తీర్చాలి. వాడి జేబులో నాలుగు మడతలు పెట్టిన కాగితం ఉంది, నిరుటి లెక్క చీటీ. ఇంట్లో చదవడం వచ్చింది వాడికే కాబట్టి వాడి దగ్గరే ఉంది. మా నలుగురి ఇళ్ళల్లో కూడా అంతే. చదువు వచ్చిన మొదటివాడికి మొదట వచ్చే పని అప్పుల చీటీలు చదివి పెట్టడం.

ఆ రాత్రి వరండాలో లైటు కింద వాడే లెక్క వేశాడు, మేము పక్కన కూర్చున్నాం అంతే. అడ్వాన్సు అరవై వేలు. ఒక్కో బండకు పదివేలు అనుకుని -6 మీద నిలబడ్డాడు. చీటీ ప్రకారం వారానికి సగటున మూడున్నర వేల కూలి రాశారు. వారం ఖర్చులకు తీసుకున్నది పద్ధెనిమిది వందలు. అంటే వారానికి 3,500 ముందుకు, 1,800 వెనక్కి, నికరంగా ముందుకు పోయేది 1,700. సీజను ఇరవై వారాలు, మొత్తం 34,000. మూడు బండలూ, ఇంకా కొంచెమూ. -3 దాటి -2 రాకముందే బండ నడుమ ఆగిపోయాడు. -26,000. చెరుకు అయిపోయింది, సున్న రాలేదు. ఆ ఇరవై ఆరు వేలు వచ్చే ఏటి అడ్వాన్సులో కలుస్తాయి.

'నేను గూడ పోతే?' అని వాడే అడిగాడు. పోతే వారానికి ఇంకో ఏడు వందలు రాస్తానన్నాడట మేస్త్రీ. తిండికి ఇంకో మూడు వందలు. అంటే 4,200 ముందుకు, 2,100 వెనక్కి, వారానికి 2,100, ఇరవై వారాలకు 42,000. మళ్ళీ -6 దగ్గరికి పోయి నిలబడి నడిచాడు. నాలుగు బండలు దాటి -2 మీదికి వచ్చి, ఇంకొంచెం ముందుకు జరిగి ఆగాడు. -18,000. 'నేను పోయినా సున్న రాదన్నా' అన్నాడు. ఆ లెక్కనంతా నోట్‌బుక్కు కాగితం మీద గీత గీసి, బాణాలు వేసి, అడుగున రెండు జవాబులూ రాసుకుని పడుకున్నాడు.

ఆదివారం అమ్మ, నాయన ఇద్దరూ వచ్చారు. వాడు కాగితం విప్పి వేలితో చూపిస్తూ చెప్పాడు. నాయన అంతా విని, 'గీత గియ్యకున్నా మాకెరుకే బిడ్డా. నువ్వొస్తే ఎనిమిది వేలు తక్కువుంటది గద' అన్నాడు. దానికి మా దగ్గర జవాబు లేదు, ఆయన చేసిన తీసివేత తప్పు కాదు. వార్డెన్ సార్ పిల్లల్ని పనికి పెట్టుకోవడం నేరమనీ, అప్పు కింద మనిషిని కట్టేసుకోవడాన్ని 1976లోనే చట్టం రద్దు చేసిందనీ చెప్పారు. నాయన తల ఊపాడు. అమ్మ మాత్రం ఆ కాగితాన్ని చేతిలోకి తీసుకుంది. ఆమెకు అంకెలు రావు. 'సున్న ఏడుంది?' అని అడిగింది. వాడు చూపించాడు. 'వీడు లేకుంటే ఏడ ఆగుతం, ఉంటే ఏడ ఆగుతం?' అని అడిగింది. రెండూ చూపించాడు. రెండు గుర్తుల నడుమ బెత్తెడు కూడా లేదు. ఆమె ఆ బెత్తెడును వేలితో కొలిచి, 'గింత కోసమా? వీన్ని ఈడనే ఉండనియ్యి' అంది.

వాడు ఉన్నాడు. ఆ ఎనిమిది వేలు ఎక్కడి నుంచి వచ్చాయని అడగకండి, రాలేదు. మరుసటి ఏడు చీటీలో చేరాయి. వాడు ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఆరో తరగతి పిల్లలకు సంఖ్యారేఖ వాడే చెబుతున్నాడు, మాకంటే బాగా చెబుతున్నాడు. బండ నడుమ ఆగినప్పుడు దాన్ని ఏ సంఖ్య అనాలి అని ఆ రాత్రి వాడు అడిగిన ప్రశ్నే అకరణీయ సంఖ్యల పాఠానికి దారి. దాన్ని కూడా వరండాలోనే చెప్పాలని, బండను పది భాగాలు చేస్తూ సన్న గీతలు పెట్టాలని వాడి పట్టు.

పరీక్ష హాల్లో వరండా ఉండదు కాబట్టి తమ్ముళ్ళకు ఒక సలహా. ప్రశ్నపత్రం అందగానే రఫ్ వర్క్ చోట పైన ఒక గీత గీసి నడుమ సున్న పెట్టుకోండి. మొదటి బాణం సున్న నుంచి, రెండో బాణం మొదటి బాణం ములికి నుంచి మొదలు కావాలి. చాలామంది రెండూ సున్న నుంచే మొదలుపెట్టి ఏది జవాబో తెలియక దిక్కులు చూస్తారు. సంఖ్యలు పెద్దవైతే గీతకు వంద అనుకోండి, వెయ్యి అనుకోండి, మీ ఇష్టం. అలవాటయ్యాక గీత దానంతట అదే మనసులోకి వెళ్ళిపోతుంది, అప్పుడు పాత సూత్రం కూడా పనికి వస్తుంది.

వార్షికోత్సవం రోజు వచ్చే పూర్వ విద్యార్థులకు ఒక విన్నపం. వరండాలో అంకెలు చెరిగిపోయాయి, సున్న దగ్గర అయితే అసలు కనబడడం లేదు. ఈసారి పెయింటు వేసేటప్పుడు ఎడమ పక్క -10 దగ్గర ఆపవద్దు. నీళ్ళ తొట్టి దాకా ఇంకో నాలుగు బండల చోటు ఉంది, -14 వరకు పడుతుంది. కుడి పక్క ఎట్లాగూ వంటగది గోడ అడ్డం.